గతుకుల బాటపై నీటి సీసా

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు, కుప్పముల మీదుగా కృష్ణగిరికి పోవు 42వ నంబరు జాతీయ రహదారిమీదను, అదే మదనపల్లె నుండి మా వాల్మీకిపురము, పీలేరుల మీదుగా తిరుపతి వైపు దిగు 71వ నంబరు రహదారిమీదను, తెల్లవారకమునుపే పాలక్యాన్లతో బయలుదేరిన మోటారు సైకిళ్లకును, టమాటా పెట్టెలతో మార్కెట్టునకు పరుగులిడు లారీలకును నడుమ, సన్నని చక్రముల సైకిళ్లపై నడుము వంచి, మోచేతులను హ్యాండిలుపై ఆనించి పోవు యువతీయువకులు ఇటీవలి సంవత్సరములలో కానవచ్చుచున్నారు. వారిలో కొందరు సెలవుదినములలో హార్సిలీ హిల్స్ ఎక్కుటకై బెంగుళూరు నుండి వచ్చువారు. కొందరు ఆ నగరమున కొలువు చేయుచు, పండుగలకు ఇంటికి వచ్చినపుడు తమ ఊరి బాటలలోనే సాధన సాగించుకొను మన పిల్లలు. ఈతయు, సైకిలు స్వారీయు, పరుగును ఒకదాని వెంట నొకటి విరామము లేక ముగింపవలసిన ట్రయథ్లాన్ అను క్రీడ వీరిలో కొందరి మనస్సులను గట్టిగా ఆకర్షించినది.

ఆ క్రీడను గూర్చి వ్రాయవలసినవి పెక్కులున్నను, నేను వ్రాయదలచినది సైకిలు ఫ్రేమునకు బిగించి నీటి సీసాను నిలుపు చిన్న హోల్డరును గూర్చి. సైకిలిస్టులు దానిని బాటిల్ కేజ్ అందురు. దానిని కొనునపుడు బరువెంత, కంపెనీ ఏది యను విచారమునకు ముందు, మన గతుకులపై నిండు సీసాను అది విడువక పట్టునా యని అడుగవలెననియు, ఆ ప్రశ్నకు నిలిచి ఉత్తరమియ్యగల హోల్డరులు కొద్ది వందల రూపాయలలోనే దొరకుచున్నవనియు, వేలు పోసి కొన్నవాని కంటె మన బాటలకు తరచుగా అవియే మేలనియు నా దృఢాభిప్రాయము.

ట్రయథ్లాన్‌లోని మూడింటిలో రెండు మన పల్లెలకు క్రొత్తవి కావు. ఎండిన సొరకాయలనో బెండ్లనో నడుమునకు కట్టుకొని బావులలో ఈత నేర్చినవారును, చెరువుకట్టలమీద పరుగెత్తి పెరిగినవారును మన పడమటి మండలములలో ఏ పల్లెనైనను కనబడుదురు. ధనమును కోరునది సైకిలొక్కటే. ఈ క్రీడకొరకే ప్రత్యేకముగా చేయబడిన సైకిలు లక్షలు పలుకుచుండగా, మామూలు రోడ్డు సైకిలు కొని, మోచేతులానించు కమ్ములను దానికి బిగించుకొని బరిలో దిగవలెనని ఆశపడు విద్యార్థికి చిల్లర సామగ్రియే మోయరాని భారమగుచున్నది. హెల్మెట్టుపై మిగుల్చుట ప్రాణముతో బేరమాడుటయే. బ్రేకులపైనను టైర్లపైనను మిగుల్చుటయు అట్టిదే. బాటిల్ హోల్డరుపై మాత్రము, తెలిసి ఎన్నుకొన్నచో, నష్టము లేకుండ మిగుల్చుకొనవచ్చును. కాని అక్కరలేని ఆడంబరము ముందుగా ప్రవేశించుచున్నది సరిగా ఇచ్చటనే. నగరపు దుకాణమున కార్బన్ ఫైబరు హోల్డరు అద్దాల బీరువాలో మెరయుచుండగా, ప్రక్కనే కొక్కెమునకు వ్రేలాడు ప్లాస్టిక్ హోల్డరును అడుగుటకు మన పిల్లవాడు సంకోచించును. ఆ సంకోచమును పోగొట్టుటయే నా కోరిక.

ఇంత అల్పవస్తువునకు పత్రికలో ఇంత చోటేల యని పాఠకులు శంకింపవచ్చును. ఆ శంకకు ఈ క్రీడ పుట్టుపూర్వోత్తరములే సమాధానము చెప్పును. 1974 సెప్టెంబరు 25వ తేదీన అమెరికాలోని శాండియాగో నగరమున, మిషన్ బే తీరమున, ట్రయథ్లాన్ అను పేర ఒక పోటీ జరిగినది. నాలుగేండ్లు నిండకమునుపే, 1978 ఫిబ్రవరి 18వ తేదీన, హవాయిలోని ఒవాహు ద్వీపమున 2.4 మైళ్ల ఈతను, 112 మైళ్ల సైకిలు స్వారీని, 26.2 మైళ్ల పరుగును కలిపి తొలి ఐరన్‌మ్యాన్ పోటీని నడపిరి. బరిలో దిగినవారు 15 మంది. ముగింపగలిగినవారు 12 మంది. ఆనాడు ఎవరికి కావలసిన అన్నపానములను అందించు పరివారమును వారే వెంట తెచ్చుకొనవలసియుండెను. సైకిలు స్వారీ ముగిసి పరుగు మొదలగునప్పటికి జాన్ డన్‌బార్ అను నౌకాదళ యోధుడు అందరికంటె ముందుండెను. పరుగు నడుమ అతని పరివారము వద్ద నీరు నిండుకొన్నది. నీటికి మారుగా వారు అతనికి బీరు అందించిరి. నౌకాదళమునకే చెందిన గోర్డన్ హాలర్ అతనిని దాటిపోయి, 11 గంటల 46 నిమిషముల 58 సెకండ్లలో గమ్యము చేరి తొలి విజేత యయ్యెను. ఈతలోను, స్వారీలోను చూపిన పరాక్రమమంతయు చేతనుండగా, చేతిలో గ్రుక్కెడు నీరు లేకపోవుటచే గెలుపు చేజారిన ఆ యోధుని కథ, ఈ క్రీడలో నీటికి గల స్థానమును మొదటినాడే చాటినది.

నేడు పెద్ద పోటీలలో దారి పొడవున నీరందించు శిబిరములున్నవి. అయినను ఒక శిబిరమునకును మరియొక శిబిరమునకును నడుమ సైకిలిస్టునకు ఆధారము తన సైకిలుమీది నీరు మాత్రమే. మన దేశమున 2019 అక్టోబరులో గోవాయందు తొలిసారిగా జరిగిన ఐరన్‌మ్యాన్ 70.3 అను సగము దూరపు పోటీలో స్వారీ భాగము 90 కిలోమీటర్లు. పూర్తి దూరపు పోటీలో అది 180. ఇక మన బాటలపై సాధన చేయు దినములలో శిబిరములే ఉండవు. ఎండలో శ్రమించు శరీరము నుండి గంటకు అర లీటరు మొదలు లీటరున్నర వరకు చెమట పోవును. మదనపల్లె ప్రాంతము సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున నుండుటచే ఉదయపు గాలి చల్లగా తగులుచు, పట్టిన చెమట పట్టినట్లు తెలియకయే ఆరిపోవుచుండును. దాహము తోచునప్పటికే శరీరము కొంత నీటిని కోల్పోయియుండును. ఓఆర్‌ఎస్ పొడిని లీటరు నీటికి ఒక ప్యాకెట్టు చొప్పున కలిపి తీసికొనిపోవువారికి సీసా జారుటతో నీటితోపాటు లవణములును పోవును. పలమనేరునకును కుప్పమునకును నడుమ, కౌండిన్య అభయారణ్యపు పొలిమేరలలో, ఏనుగుల సంచారముగల చోట్ల నీటికై అంగడి వెదకుచు ఆగుట ఎవరికిని క్షేమము కాదు.

జారిన సీసా చేయు కీడు దాని యజమానితోనే ఆగదు. వెనుక వచ్చు స్కూటరు ముందుచక్రము క్రిందికి అది దొర్లినచో ఏమగునో ఊహింపవలసినదే. స్కూటరుపై నున్నవాడు ఈ క్రీడ పేరైనను విని యుండడు. పనికి పోవుచున్న కూలియో, బిడ్డను బడికి దింపబోవుచున్న తల్లియో కావచ్చును. తన ఆటకై రోడ్డెక్కినవాడు వారికి బాధ్యుడు. ఈ కారణము చేతనే నేను దీనిని ఒక క్రీడాభిమాని సరదాగా కాక, రోడ్డుపై నడచు అందరి విషయముగా భావించుచున్నాను.

సీసా ఎందుచే జారునో తెలిసికొన్నచో కొనుగోలు సులభమగును. సైకిలుకొరకు చేసిన సీసాల వ్యాసము సాధారణముగా 73, 74 మిల్లీమీటర్లుండును. పైభాగమున చుట్టును ఒక గాడి యుండును. మంచి హోల్డరు క్రింది అంచుతో సీసా బరువును మోయుచు, రెండు ప్రక్కల చేతులతో దానిని ఒత్తి పట్టుచు, పైనున్న చిన్న నాలుకను ఆ గాడిలో చొప్పించి నిలుపును. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను మిగిలిన రెండును గతుకుల ముందు ఎక్కువసేపు నిలువవు. బస్టాండులో కొన్న లీటరు మంచినీటి సీసాకు ఈ గాడియు లేదు, ఈ కొలతయు లేదు. పైగా నీరు తగ్గిన కొలది అది నలిగి వదులగును. ఇంటినుండి తెచ్చిన స్టీలు సీసా నున్ననిది, బరువైనది. దానిని పట్టి యుంచుట తేలిక హోల్డరులకు శక్తికి మించిన పని. కనుక జారిన ప్రతి సీసాకును హోల్డరునే నిందించుట న్యాయము కాదు. సైకిలుకు తగిన సీసాను మొదట కొని, దానిని నీటితో నింపి, వెంట తీసికొనిపోయి, దుకాణమునందే హోల్డరులో అమర్చి చూచి కొనవలెను. సీసాల కొలతలు చేయువారిని బట్టి వెంట్రుకవాసి మారుచుండును గనుక, ఒకరి సీసాకు గట్టిగా పట్టినది మరియొకరి సీసాకు వదులు కావచ్చును.

హోల్డరులను చేయు పదార్థములు ముఖ్యముగా నాలుగు. అల్యూమినియముతో చేసినది చౌక. వదులైనపుడు చేతితో కొంచెము లోనికి నొక్కి బిగించుకొనవచ్చును. కాని పలుమారు వంచినచో అతుకుల వద్ద చీలును, సీసాపై నల్లని మరకలు వేయును. స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో చేసినది చిరకాలము మన్నును, వంచినను సులభముగా విరుగదు. గాజునార కలిపిన నైలాను ప్లాస్టిక్‌తో చేసినది, నా అభిప్రాయమున, మన విద్యార్థులకు అన్నింట తగినది: అది తనంత తాను వంగదు గనుక మొదటినాటి పట్టు చాలకాలము నిలుచును, ధర తక్కువ, తడిసినను త్రుప్పు పట్టదు. ఏండ్ల తరబడి ఎండలో నుంచినచో పెళుసుబారును, అప్పుడు మార్చుకొనవలెను. నాలుగవది కార్బన్ ఫైబరు. మేలైన కార్బన్ హోల్డరు సీసాను చక్కగా పట్టునని ఒప్పుకొనవలసినదే. కాని మేలైనదాని ధర మన విద్యార్థికి అందదు. అందెడి ధరకు వచ్చు నకిలీ యొకటి రెండు గట్టి కుదుపులకే పగుళ్లు చూపును.

మేలైన కార్బన్ హోల్డరునకు అంత ధర దేనికని ఆలోచింపుడు. మంచి ప్లాస్టిక్ హోల్డరు సుమారు 40 గ్రాములు తూగినచో, కార్బన్‌ది సుమారు 25 గ్రాములు తూగును. తేడా 15 గ్రాములు, అనగా ఒక పెద్ద చెంచాలో పట్టెడు నీటి బరువు. సీసాను కంఠము వరకు నింపక ఒక్క గ్రుక్కెడు వెలితిగా నింపుకొన్నచో అంతకు రెట్టింపు బరువు తగ్గును. ప్రపంచ విజేతలు నిమిషములకును సెకండ్లకును లెక్క కట్టుకొనుచు ఆ పదునైదు గ్రాములకై వెచ్చింతురుగాక. వారికి వెచ్చించు సంస్థలున్నవి. తొలిసారి 90 కిలోమీటర్లు పూర్తి చేయబోవు వాల్మీకిపురపు పిల్లవానికి ఆ లెక్క పనికిరాదు. పూర్వము మన పెద్దలు తీర్థయాత్రకు మరచెంబు కొనునపుడు నీరు నింపి, తలక్రిందు చేసి, బొట్టు కారలేదని నిశ్చయించుకొన్న పిదపనే దాని చెక్కడపు పనిని చూచెడివారు. బాటిల్ హోల్డరును ఎన్నుకొనుటకు అంతకంటె మేలైన పద్ధతి నాకు తోచుట లేదు.

సీసాను సైకిలుపై ఎచ్చట నిలుపవలెనన్నది ఇంకను పెద్ద ప్రశ్న. ఫ్రేములోని క్రింది గొట్టమునకు బిగించిన హోల్డరులో సీసా ఏటవాలుగా కూర్చుండును. దాని బరువే దానిని లోనికి నొక్కుచుండును. రెండు చక్రములకును నడిమి భాగమగుటచే కుదుపును అచ్చట తక్కువ. ఆ స్థానమున సీసా గాలికి కొంత అడ్డమగునన్న మాట నిజమే. కాని దారిలో నీరు లేక నీరసించుట వలన కలుగు ఆలస్యము ముందర ఆ నష్టము లెక్కింపదగినది కాదు. కురచ ఫ్రేములలో సీసాను పైకి లాగుటకు చోటు చాలదు. అట్టివారికి ప్రక్కనుండి తీయు హోల్డరులు కలవు, అవియు చౌకయే.

రెండవ స్థానము మోచేతులానించు కమ్ముల నడుమ. అచ్చట సీసాను పరుండబెట్టి, మూతి తనవైపునకు ఉండునట్లు అమర్చుకొన్నచో, చేతుల నడుమ నుండుటచే గాలి తాకిడి తగ్గును. కన్నుల యెదుట నుండుటచే త్రాగవలెనని మాటిమాటికి గుర్తుచేయును. దీనికై ప్రత్యేకముగా అమ్ము ఖరీదైన అమరికలు కలవు. అయినను సాధారణ హోల్డరునే నాలుగు కేబుల్ టైలతో రెండు కమ్ములకును కలిపి కట్టి, అది తిరుగకుండ క్రింద పాత ట్యూబు ముక్కలనుంచి, చక్కగా వాడుకొను సైకిలిస్టులు ఎన్నో దేశములలో ఉన్నారు. పరుండిన సీసాకు తన బరువు తోడురాదు గనుక, ఆ చోటికి గట్టి పట్టుగల హోల్డరునే కేటాయింపవలెను.

మూడవ స్థానము సీటు వెనుక. పోటీల ఛాయాచిత్రములలో విజేతల సీట్ల వెనుక జంటగా నిలిచియున్న సీసాలను చూచి మన యువకులు దీనినే ముందుగా కోరుచున్నారు. నేను వద్దనుచున్నది దీనినే. శరీరము చాటున నుండుటచే అచ్చట గాలి తగులదనుట సత్యమే. కాని వెనుక చక్రము గతుకునపడి ఎగసినపుడు, సీటునకు జానెడు వెనుకగా బిగించిన ఆ సీసా సీటు కంటె మిక్కుటముగా విదిలింపబడును. ముప్పాతిక లీటరు నిండిన సీసా సుమారు 800 గ్రాములుండును. అంత బరువు ఒక్క క్షణమున పైకి లేచునపుడు, సన్నని కార్బన్ చేతులు దానిని ఆపజాలవు. తీరైన రోడ్లపై జరుగు పెద్ద పోటీలలో సైతము మొదటి గతుకు దాటిన పిదప రాలిన సీసాలు వరుసగా కానవచ్చును. ఊరూరికిని స్పీడు బ్రేకరున్న మన బాటల మాట చెప్పనేల? అన్నింటికంటె కీడు, వెనుక జారిన సీసా జారినట్లే తెలియకపోవుట. ఎన్నో కిలోమీటర్లు పోయి, నోరెండి, చేయి వెనుకకు చాచినపుడు గాని ఆ సంగతి బయటపడదు. ముందరి రెండు స్థానములును చాలనంత దూరము పోవువారు మాత్రమే సీటు వెనుక హోల్డరును పెట్టుకొనవలెను. పెట్టుకొన్నచో దాని చేతులకు పాత ట్యూబు నుండి కోసిన రబ్బరు పట్టీని చుట్టి పట్టు పెంచుకొనవలెను.

ఆ రబ్బరు పట్టీ మన ఊళ్లలో ఎవరును నేర్పవలసిన విద్య కాదు. సైకిలు క్యారియరుపై పాలక్యాన్లను, గడ్డి మోపులను, బియ్యపు సంచులను కట్టి గుంతల బాటలలో మైళ్లకొలది నడపినవారు, అరిగిన ట్యూబు ముక్కతోనే ఆ బరువులను కదలకుండ నిలిపిరి. త్రాటికి లేని సాగు గుణమును, జారనీయని గరుకును రబ్బరునకు కలవు. పంక్చరు షాపులో అడిగినచో ఊరకనే ఇత్తురు. సీసాకును హోల్డరునకును నడుమ ఆ రబ్బరు ఒక్క పొర ఉన్నచో, వదులైన అల్యూమినియము హోల్డరు సైతము మరల పనికివచ్చును.

బోల్టులను గూర్చి ఒక మాట. హోల్డరును ఫ్రేమునకు పట్టి యుంచునవి 64 మిల్లీమీటర్ల ఎడముతో నున్న రెండు బోల్టులే. మందము 5 మిల్లీమీటర్లు, విప్పుటకు 4 మిల్లీమీటర్ల ఆలన్ కీ. రోడ్డు అదురునకు అవి మెల్లమెల్లగా వదులగును. వదులైన హోల్డరు ఎంతటి మేలైనదైనను సీసాను విదిలించును. వారమున కొకసారి వానిని తాకి చూడవలెను. వదులగునను భయముతో బలమంతయు ఉపయోగించి బిగించినచో, ఫ్రేములోని మరలు ఊడి తిరుగాడును. కార్బన్ ఫ్రేమైనచో పగులును. మరపై ఒక చుక్క లాక్‌టైట్ వంటి జిగురు వేసి మితముగా బిగించుట ఉత్తమము. ఫ్రేముకు రంధ్రములే లేని పాత ఇనుప సైకిళ్లకు పట్టీతో బిగించు హోల్డరులు దొరకును. పట్టీ క్రింద రబ్బరు వేయక బిగించినచో అవి గొట్టము చుట్టును తిరిగిపోవును.

పరీక్ష ఎట్లు చేయవలెను? నిండు సీసాను అమర్చి, సైకిలును జానెడెత్తు లేపి నేలపై విడువవలెను. పిదప ఒంటిచేతితో, చూపు రోడ్డుపైనుండి మరల్చకుండ, సీసాను తీసి మరల పెట్టి చూడవలెను; పట్టు మితిమీరి సీసాను పీకుటకు రెండు చేతులు కావలసినచో అదియు ప్రమాదమే. కడపట, ఇంటి దగ్గరి స్పీడు బ్రేకరును పోటీ నాటి వేగముతో, వాహనములు లేని వేళ, దాటవలెను. ఈ మూడింటను నెగ్గిన హోల్డరు ఏ ధరదైనను మంచిదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పములలోని సైకిలు దుకాణదారులను నేను కోరునదేమనగా, ఖరీదైన సామగ్రి తెప్పించకపోయినను, గాడి గల సీసాలను, గట్టి పట్టుగల ప్లాస్టిక్ హోల్డరులను తప్పక నిలువ యుంచవలెను. ఈ చిన్న వస్తువుకొరకు మన పిల్లలు బెంగుళూరు వరకు పోవలసిన అగత్యము ఉండరాదు. పోటీలు నడపువారిని కోరునది మరియొకటి. స్వారీ మొదలగుటకు ముందు బ్రేకులు పట్టుచున్నవా, హెల్మెట్టు పట్టీ బిగిసియున్నదా, హ్యాండిలు కొనలు మూసియున్నవా యని పరీక్షించుట ఆచారమైయున్నది. నిర్ణీత స్థలములలో గాక దారిలో సీసాను పారవేసిన పోటీదారునకు శిక్షయు ఉన్నది. పారవేసిన సీసాకు శిక్ష విధించువారు, జారిపడబోవు సీసాను ముందుగా కనిపెట్టుటకు శ్రద్ధ వహింపకుండుట తగదు. నిండు సీసాతో సైకిలును జానెడెత్తు నుండి విడిచి చూచుటను ఆ పరీక్షలో చేర్చవలెను. సీసా ఎగిరిపడినచో ఆ పిల్లవానిని వెనుకకు పంపనక్కరలేదు. పరీక్షించువాని బల్లమీద ఒక కత్తెర, కొన్ని పాత ట్యూబు ముక్కలు, ఒక 4 మిల్లీమీటర్ల ఆలన్ కీ ఉంచినచో అచ్చటికచ్చట సరిచేసి బరిలోనికి పంపవచ్చును.